గోధుమ చేలో మొలిచే గురుగుల గింజలు నిజంగా విషమేనా?

ప్రశ్న:
మత్తయి సువార్త 13వ అధ్యాయంలోని గురుగుల ఉపమానాన్ని ఆదివారం బడి పిల్లలకు చెప్పవలసి ఉంది. గురుగులను పీకివేస్తామని పనివారు అడిగితే, కోతకాలం వరకు వద్దని యజమాని అంటాడు. మా కృష్ణా జిల్లా పిల్లలు వరి చేలు చూశారే గాని గోధుమ చేను ఎరుగరు. ఆ కలుపును పీకితే నష్టమేమిటో, దాని గింజలు తింటే ఏమవుతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
ఇది లోలియం టెమ్యులెంటం అనే ఏడాది గడ్డి అని ఎక్కువ మంది పండితుల అభిప్రాయం. వెన్ను తీసేదాకా దీన్ని గోధుమ నుంచి గుర్తుపట్టడం అనుభవమున్న రైతుకే కష్టం. ఆ తరువాత తేడా తెలుస్తుంది: గోధుమ కంకి దట్టంగా, బరువుగా ఉంటుంది, దీని వెన్ను సన్నగా, బల్లపరుపుగా ఉండి, గింజల గుత్తులు కాడకు అటొకటి ఇటొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. కానీ అప్పటికి రెండింటి వేళ్లూ పెనవేసుకుపోతాయి కనుక, ఒకదాన్ని లాగితే రెండోదీ ఊడివస్తుంది. ఆ యజమాని సేద్యం బాగా తెలిసినవాడు.

జవాబు 2:
గింజ సంగతి కూడా చెప్పాలి. దాని పరిమాణం గోధుమకు దగ్గరగా ఉండడం వల్ల జల్లెడకు సులభంగా వేరుపడేది కాదు, చేత్తో ఏరవలసి వచ్చేది. ఏరకుండా పిండి పట్టిస్తే, ఆ రొట్టె తిన్నవారికి తల తిరిగేది, చూపు మసకబారేది, మాట తడబడేది, వాంతులయ్యేవి. మోతాదు మించితే ప్రాణం మీదికి వచ్చేది. అయినా ప్రతి గింజా విషం కాదు. గింజ పైపొర కింద నివసించే ఒక శిలీంధ్రమే ఇందుకు మూలమని భావిస్తున్నారు. 1898లోనే దాన్ని గింజలో గుర్తించారు. అది విత్తనం నుంచి మొక్కకు, మొక్క నుంచి మళ్లీ విత్తనానికి చేరుతుంది, పైకి మాత్రం ఏ గుర్తూ కనిపించదు. శిలీంధ్రం లేని గింజలు తిన్నవారికి ఏమీ కాకపోవచ్చు. విత్తనాలను శుభ్రం చేసే యంత్రాలు వచ్చాక ఈ గడ్డి చాలా దేశాల్లో అరుదైపోయింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. అరికెల అన్నం తిని కళ్లు తిరిగాయని మా బంధువొకరు చెప్పారు. అదీ ఇలాంటిదేనా?

జవాబు 3:
లక్షణాలు దగ్గరగా ఉన్నా కారణం వేరండీ. కోతకు వచ్చిన అరికెలు వానకు తడిసి బూజు పట్టినప్పుడు వాటిలో సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే బూజు విషం చేరుతుంది. 2024 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్‌లో 10 ఏనుగులు మరణించినప్పుడు జరిపిన పరీక్షల్లో బయటపడింది అదే. పొడి వాతావరణంలో కోసి, బాగా ఎండబెట్టి నిలవచేసిన అరికెలను నిశ్చింతగా తినవచ్చు. తడిసి బూజు పట్టిన పంటను మాత్రం పశువులకు కూడా వేయకండి.