కాకడు అడవిలో నిప్పు పని: డార్విన్ వస్తున్న చెల్లికి

ప్రశ్న:
అక్కలకు, అన్నలకు నమస్కారం. పర్యావరణ నిర్వహణలో ఎంఎస్సీ చేయడానికి మే చివర్లో ఆస్ట్రేలియాలోని డార్విన్ వస్తున్నాను. కాకడు నేషనల్ పార్కు వైపు అబొరిజినల్ (అక్కడి ఆదివాసీ) రేంజర్లతో కలిసి పని చేయాల్సి ఉంటుందన్నారు. అడవికి వాళ్లే నిప్పు పెడతారని చదివి భయమేసింది. మా ఊళ్లో అడవి అంటుకుంటే అందరం ఆర్పడానికి పరుగెత్తేవాళ్లం. ఏం తెలుసుకుని రావాలి?

డార్విన్ నుంచి ఒక అక్క:
చెల్లీ, తొమ్మిదేళ్ల కిందట నాకూ ఇదే భయం ఉండేది. అక్కడి బినింజ్, ముంగ్‌గుయ్ ప్రజలకు ఏడాదికి ఆరు రుతువులు. మనకూ ఆరే కదా అని లెక్క సరిపెట్టుకోకు. మన కార్తె నక్షత్రాన్ని బట్టి వస్తుంది, వాళ్ల రుతువు గాలినీ చెట్టునూ బట్టి మారుతుంది. నువ్వు దిగే వేళకు ‘యెగె’ నడుస్తుంటుంది. పొడిగాలి వీచి, వుల్లీబట్ అనే యూకలిప్టస్ చెట్లు నారింజ రంగు పూలు పూశాయంటే అక్కడక్కడా నిప్పు పెట్టే సమయం వచ్చినట్టే. నేలను శుభ్రం చేయడం అంటారు దాన్ని.

నా మొదటి ఏడాది మా బృందం ఉపగ్రహ పటం మీద గడులు గీసి, ఏ రోజు ఏ గడి కాల్చాలో రాసుకుని వెళ్లింది. ఆ నేలకు చెందిన పెద్దావిడ పటం వైపు చూడనే లేదు. వంగి ఒక గడ్డి దుబ్బును మొదట్లో పట్టుకుని వంచారు. అది వంగింది గానీ విరగలేదు. “వచ్చే వారం” అన్నారు. వారం తర్వాత అదే దుబ్బు ఫట్‌మని విరిగింది. మంట మోకాలి ఎత్తు దాటకుండా మనిషి నడకంత నెమ్మదిగా సాగింది. పొగలో గద్దలు తిరుగుతూ మిడతలను పట్టుకున్నాయి. రాత్రి మంచుకు మంట దానంతటదే ఆరిపోయింది. పొద్దున చూస్తే నల్లటి నేల మధ్య కాలని గడ్డి ముక్కలు మిగిలాయి. చిన్న జంతువులు తలదాచుకునేది అక్కడే.

ఆగస్టు దాటి ‘గురుంగ్’ అనే వేడి, పొడి రుతువులో అంటుకుంటే చెట్ల కొసల దాకా మాడిపోతుంది. గత శతాబ్దంలో కాకడు పక్కనున్న ఆర్నెం పీఠభూమి నుంచి జనం క్రైస్తవ మిషన్లకు, పట్టణాలకు వెళ్లిపోయాక ముందుగా చిరుమంటలు పెట్టేవారు లేక అలాంటి కార్చిచ్చులే పెరిగాయి. 2006లో పశ్చిమ ఆర్నెంలో 28,000 చదరపు కిలోమీటర్లకు ఒక ఒప్పందం కుదిరింది. రేంజర్లు ముందుమంటలతో కర్బన వాయువులను తగ్గిస్తే అందుకు ఒక గ్యాస్ కంపెనీ డబ్బు కట్టాలన్నది ఆ ఒప్పందం. కాలినడకన పెట్టే మంటలతో పాటు హెలికాప్టర్లనూ వాడతారు.

పెద్దలు చెప్పింది రాసుకుని నివేదికలో ఒక అధ్యాయంగా పెట్టేస్తే వాళ్ల జ్ఞానాన్ని కలుపుకున్నట్టు కాదు, చెల్లీ. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు నిప్పు పెట్టాలో చెప్పే హక్కు వాళ్లదే. కాకడు పార్కు పాలకమండలిలో ఎక్కువ మంది అబొరిజినల్ సభ్యులు ఉండేదీ అందుకే. రికార్డు చేసే ముందు అనుమతి అడుగు. చనిపోయినవారి పేరు ఎత్తకు, ఫోటో చూపించకు.

డార్విన్‌లోనే ఉంటున్న ఒక అన్నయ్య:
అక్క చెప్పినదానికి ఒక్కటి కలుపుతానమ్మా. పశువుల మేత కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన గాంబా గడ్డి నాలుగు మీటర్లు పెరుగుతుంది, స్థానిక గడ్డికన్నా ఎన్నో రెట్లు తీవ్రంగా మండుతుంది. తాతల నాడు లేని గడ్డి అది. అక్కడ కలుపు శాస్త్రజ్ఞుల మాట కూడా పెద్దలు కూర్చోబెట్టుకుని వింటారు. ఆర్నెంలో అడుగు పెట్టడానికి అబొరిజినల్ భూముల వ్యవహారాలు చూసే నార్తర్న్ ల్యాండ్ కౌన్సిల్ పర్మిట్ కావాలి, ముందే దరఖాస్తు చేసుకో. ఇంటి నుంచి పొడుగు చేతుల నూలు చొక్కాలు నాలుగైదు తెచ్చుకో. పాలిస్టర్ అయితే నిప్పురవ్వ పడ్డచోట కరిగి ఒంటికి అంటుకుంటుంది.