బీటెక్ మొదటి ఏడాది: రీయింబర్స్‌మెంట్ రాలేదు, స్కాలర్‌షిప్‌కి దారి చెప్పండి

ఖమ్మం_అమ్మాయి:

అందరికీ నమస్తే. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. ఈ ఏడాదే ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్‌ఈ సీటు వచ్చి చేరాను. నాన్న స్కూల్ బస్సు నడుపుతారు, అమ్మ మిషన్ కుడుతుంది. ఆదాయం సర్టిఫికెట్‌లో 2,40,000 అని వచ్చింది. మేం బీసీలం. పల్లెల్లో బీసీలకు రీయింబర్స్‌మెంట్ పరిమితి 1,50,000 కాబట్టి మాకు రాదని కాలేజీలో చెప్పేశారు. ఫీజు 82,000, బస్సుకి ఇంకో 22,000. ఈ ఏడాదికి నాన్న చిట్టీ పాడి కట్టారు. ఆ చిట్టీ అక్క పెళ్లికి దాచింది. వచ్చే ఏడాది మాటెత్తితే ఇంట్లో ఎవరూ మాట్లాడట్లేదు, నాకు టెన్షన్‌గా ఉంది.

మా ఊరి దగ్గర నెట్ సెంటర్ అన్న 1,500 ఇస్తే స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటున్నాడు. తన ఫోన్ నంబరే పెడతాడట. ఇవ్వమంటారా? ప్రగతి, సెంట్రల్ సెక్టార్ అని రెండు పేర్లు విన్నాను. రెండూ వేయొచ్చా? ఇంటర్‌లో నాకు 962 వచ్చాయి. తమ్ముడు జిల్లా పరిషత్ హైస్కూల్లో 8వ తరగతి. వాడికి కూడా ఏమైనా ఉంటే చెప్పండి.

కావలి_అక్క:

చెల్లీ, ముందు ఆ 1,500 ఇవ్వకు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తుకి ఒక్క రూపాయి కూడా తీసుకోరు. ఇప్పుడు అందులో ఓటీఆర్ అని ఒకసారే రిజిస్టర్ చేసుకోవాలి, చదువు అయ్యేదాకా అప్పుడిచ్చే ఓటీఆర్ నంబరే నీది. దానికి ఆ అన్న ఫోన్ పెడితే నాలుగేళ్లూ ఓటీపీ అతనికే వెళ్తుంది, ప్రతి ఏడాదీ అతని దగ్గరికి వెళ్లి నిలబడాలి. నీ నంబర్ లేదా నాన్న నంబర్ పెట్టు. ఆ సిమ్ మధ్యలో మార్చకండి.

మాది కూడా నీ పరిస్థితే. నాన్న కావలిలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో గుమస్తా. ఆదాయం పరిమితి కంటే కాస్త ఎక్కువ ఉందని మాకూ రీయింబర్స్‌మెంట్ రాలేదు. 2019లో ఈసీఈలో చేరి ప్రగతికి వేశాను. ఏఐసీటీఈ (ఇంజినీరింగ్ లాంటి టెక్నికల్ కాలేజీలను చూసే కేంద్ర సంస్థ) ఇచ్చేది, అమ్మాయిలకు మాత్రమే. ఏడాదికి 50,000. ఇంటి ఆదాయం 8 లక్షల లోపు ఉండాలి, కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకూ ఇస్తారు. కొత్తగా వేసేది మొదటి ఏడాదిలోనే (డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లు అప్పుడు వేస్తారు). అంటే నీకు ఇదే అవకాశం.

సెంట్రల్ సెక్టార్ స్కీమ్ వేరు. బోర్డు పరీక్షలో మొదటి 20 శాతంలో ఉండాలి, ఆదాయం 4.5 లక్షల లోపు. మొదటి మూడేళ్లు 12,000, బీటెక్ నాలుగో ఏడాది 20,000. రెండూ కలిపి తీసుకోవడానికి లేదు, ఒకటే. నన్నడిగితే ప్రగతికే వెయ్యి. మార్కుల మీద ఎంపిక కాబట్టి 962కి పోటీ గట్టిగానే ఉంటుంది, తప్పకుండా వస్తుందని నేను చెప్పలేను. కానీ 50,000కీ 12,000కీ ఉన్న తేడా మీ ఇంట్లో ఎంత పెద్దదో నాకు తెలుసు.

ఇక అసలు విషయం. ఎంపికైనంత మాత్రాన డబ్బు చేతికొచ్చినట్టు కాదు. లిస్టులో నా పేరు వచ్చింది. నాతోపాటు వచ్చిన స్నేహితురాలికి డబ్బు పడింది, నాకు పడలేదు. రోజూ పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకుకి వెళ్లేదాన్ని. ప్రింట్ కొట్టిస్తే అవే పాత ఎంట్రీలు, కింద ఖాళీ. ఈలోగా ఫీజు గడువు దగ్గరపడింది. అమ్మ గాజులు నూటికి రెండు రూపాయల వడ్డీకి తాకట్టు పెట్టాం. చివరికి పీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వం పంపిన డబ్బు ఏమైందో చూసే సైట్) చూస్తే డబ్బు పంపారు, వెనక్కి వెళ్లిపోయింది. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు స్కూల్లో అందరికీ ఖాతాలు తెరిపించారు. నా ఆధార్ దానికే ముడిపడి ఉంది. ఆ ఖాతా ఏళ్ల తరబడి వాడక ఆగిపోయింది. ఫారంలో నేను కొత్త ఖాతా నంబర్ ఇచ్చినా, డబ్బు మాత్రం ఆధార్‌కి చివరగా ఏ ఖాతా కలిపి ఉంటే దానికే వెళ్లింది. కొత్త బ్యాంకులో సీడింగ్ ఫారం (ఆధార్‌ని ఆ ఖాతాకి కలపమని ఇచ్చేది) ఇచ్చి, కాలేజీ చుట్టూ, ఫోన్ల చుట్టూ తిరిగితే నాలుగు నెలలకు మళ్లీ పంపారు. ఆ నాలుగు నెలలూ అమ్మ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది, చేతులు బోసిగా ఉన్నాయని.

అందుకని ఫారం నింపకముందే మైఆధార్ సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసుకో. ఏ బ్యాంకు పేరు కనిపిస్తే ఆ ఖాతా బతికి ఉందో లేదో బ్యాంకుకి వెళ్లి అడుగు. అది జన్‌ధన్‌లో తెరిచిన స్మాల్ అకౌంట్ అయితే 50,000కి మించి నిల్వ ఉండకూడదు. కేవైసీ ఇచ్చి మామూలు ఖాతాగా మార్పించుకో.

స్కాలర్‌షిప్_సెక్షన్:

కావలి అక్క గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఒక కాలేజీలో స్కాలర్‌షిప్ ఫైళ్లు చూసే ఉద్యోగిని, పదకొండేళ్లుగా ఇదే పని. నా వైపు నుంచి రెండు మాటలు చెబుతానమ్మా.

పిల్లలు సబ్మిట్ నొక్కగానే పని అయిపోయిందనుకుంటారు. అది ముందు మా కాలేజీ లాగిన్‌కి వస్తుంది. మేం సరిచూసి పంపితేనే పైకి కదులుతుంది. మా దగ్గర ఆగిపోతే మార్కులు ఎన్ని ఉన్నా లాభం లేదు. సబ్మిట్ చేసిన రెండు రోజుల్లో ప్రింట్ తీసుకుని, దానికి ఆదాయం సర్టిఫికెట్, ఇంటర్ మెమో, ఫీజు రసీదు, బోనఫైడ్ జోడించి, సెక్షన్‌లో స్వయంగా ఇచ్చి, మీ కళ్ల ముందే వెరిఫై చేయమని అడగండి. అడిగితే విసుక్కుంటారేమో అని భయపడొద్దు. అడిగినవాళ్ల ఫైలే ముందు తీస్తాం, ఉన్నమాట చెబుతున్నాను.

రెండోది పేరు. మన దగ్గర ఎక్కువ ఫారాలు పాడయ్యేది ఇక్కడే. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరమే ఉంటుంది, బ్యాంకులో ఇంటిపేరు చివర వేస్తారు. మూడూ మూడు మనుషుల్లా కనిపిస్తాయి. టెన్త్ మెమో మారదు కాబట్టి దాని ప్రకారం ఆధార్, ఆ తర్వాత బ్యాంకు సరిచేయించుకోండి. ఫారం ‘డిఫెక్ట్’ అని వెనక్కి వస్తే కంగారు పడకండి. తిరస్కరించినట్టు కాదు, గడువులోగా సరిదిద్ది మళ్లీ పంపొచ్చు. కానీ మెసేజ్ చూసుకోక పోగొట్టుకున్నవాళ్లను ప్రతి ఏడాదీ చూస్తున్నాను. రెండో ఏడాది రెన్యువల్ కూడా మర్చిపోవద్దు. అది దానంతట అది జరగదు.

నల్గొండ_తమ్ముడు:

అక్కా, రిలయన్స్ ఫౌండేషన్ యూజీ స్కాలర్‌షిప్‌కి కూడా వేయండి. డిగ్రీ మొత్తానికి 2 లక్షల వరకూ ఇస్తారు. ఏ కోర్సైనా మొదటి ఏడాది రెగ్యులర్‌గా చదువుతూ ఉండాలి, ఇంటర్‌లో 60 శాతం రావాలి. ఆదాయం 15 లక్షల లోపు వాళ్లు వేయొచ్చు, 2.5 లక్షల లోపు వాళ్లకి ప్రాధాన్యం. ఆన్‌లైన్‌లో ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. నేను పక్కింటి అన్న ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకుని రాశాను. టైం చాలక చివరి లెక్కలు వదిలేశాను, అయినా వచ్చింది. వారం రోజులు గడియారం పెట్టుకుని రీజనింగ్ ప్రాక్టీస్ చేయండి.

విశ్రాంత_హెచ్ఎం:

అమ్మా, మీ తమ్ముడి సంగతి నేను చెబుతాను. వాడికి ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో 8వ తరగతి చదివే పిల్లలకే ఆ పరీక్ష. 7వ తరగతిలో 55 శాతం మార్కులు, ఇంటి ఆదాయం 3.5 లక్షల లోపు ఉంటే చాలు. ఎంపికైతే 9 నుంచి ఇంటర్ రెండో ఏడాది వరకూ ఏటా 12,000 వస్తాయి. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, సబ్జెక్టులవి 90. దరఖాస్తు బడి నుంచే వెళ్లాలి కాబట్టి రేపే వాడి హెడ్‌మాస్టర్ గారిని కలువు. 8 దాటితే రాయడానికి ఉండదు. మా బడిలో సాయంత్రం బడి వదిలాక గంటసేపు కూర్చోబెట్టి చెప్పేవాళ్లం. కూలీల పిల్లలే ఎక్కువగా కొట్టేవాళ్లు ఆ పరీక్ష.

ఖమ్మం_అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. నెట్ సెంటర్‌కి వద్దని చెప్పేశాను. నాన్న ఫోన్‌లో సీడింగ్ స్టేటస్ చూశాను. నేను ఫారంలో ఇద్దామనుకున్న బ్యాంకు కాదు, వేరేది కనిపించింది. అమ్మకి చూపిస్తే బీరువాలో చీరల కింద నుంచి నీలం అట్ట పాస్‌బుక్ తీసింది. చివరి ఎంట్రీ 2018ది, 212 రూపాయలు. సోమవారం కాలేజీకి వెళ్లకుండా అమ్మా నేనూ ఆ బ్యాంకుకి వెళ్తున్నాం. కావలి అక్కా, ఆ సీడింగ్ ఫారం బ్యాంకులోనే ఇస్తారా, ఇంటి నుంచి ఆధార్ జిరాక్స్ కాకుండా ఇంకేమైనా తీసుకెళ్లాలా?

కావలి_అక్క:

ఫారం బ్యాంకులోనే ఇస్తారు, కానీ డబ్బు ఏ ఖాతాలో పడాలనుకుంటున్నావో ఆ బ్యాంకులోనే ఇవ్వాలి. ఆధార్ ఒరిజినల్, రెండు జిరాక్సులు, రెండు ఫొటోలు, పాన్ ఉంటే అది. ఆధార్‌కి లింకైన ఫోన్ మర్చిపోకు. ఫారం ఇచ్చాక స్టాంపు వేసిన రసీదు అడిగి తీసుకో. నాలుగు రోజులాగి సైట్‌లో బ్యాంకు పేరు మారిందో లేదో మళ్లీ చూడు, అది మారాకే ఫారం నింపు. మారకపోతే ఇక్కడే రాయి, నేను రోజూ చూస్తుంటాను.