నీలిమందు తొట్టి హైడ్రోస్ మింగేస్తోంది, రంగు నిలవడం లేదు

నీలికండె (ప్రశ్న)

పది లీటర్ల తొట్టి. సింథటిక్ నీలిమందు పొడి 20 గ్రాములు, కాస్టిక్ సోడా 30, హైడ్రోస్ (అదే, సోడియం డైథయోనైట్) 40. నీళ్లు 80 డిగ్రీలకు కాచి, అన్నీ వేసి, కర్రతో నురగ వచ్చేదాకా గిలక్కొడుతున్నాను. మొదట తేటగా, పసుపుపచ్చగానే ఉంటుంది. నాలుగు నూలు గుడ్డలు ముంచేసరికి ఆకుపచ్చకు, ఆపైన నీలానికి తిరిగిపోతుంది. అప్పుడల్లా మరో 10 గ్రాముల హైడ్రోస్ వేస్తే కాసేపు కోలుకుంటుంది. మూడోసారి వేశాక మాత్రం పాలు పోసినట్టు తెల్లబారి, ముక్కు మండే ఘాటు వచ్చింది. ఆరిన గుడ్డను వేలితో రుద్దితే నీలం అంటుతోంది.

సరుకు పాతదా, పాళ్లు తప్పా? హైడ్రోస్ బలం తేల్చుకునే పరీక్ష ఉంటే అదీ చెప్పండి.

క్షయకరణి

పాళ్లు తక్కువేం కాదండీ. లెక్క చూడండి: 262 గ్రాముల నీలిమందు కరగడానికి 174 గ్రాముల డైథయోనైట్, 160 గ్రాముల కాస్టిక్ కావాలి. మీ 20 గ్రాములకు హైడ్రోస్ 13, కాస్టిక్ 12 చాలు. మీరు వేసింది మూడింతలు. అంటే హైడ్రోస్‌ని తింటున్నది నీలిమందు కాదు. వేడీ, గాలీ.

ముందు వేడి సంగతి. డైథయోనైట్ అంటే రెండు గంధక పరమాణువుల మధ్య పొడుగాటి, బలహీనమైన బంధం. అది తెగి వచ్చే ముక్కలే నీలిమందును క్షయకరిస్తాయి, అంటే నీళ్లలో కరగని నీలాన్ని కరిగే పసుపు రూపంలోకి మారుస్తాయి. ఆ బలహీనత వల్లే ద్రావణం ఊరికే ఉన్నా నీటితో చర్య జరిపి థయోసల్ఫేట్‌గా, బైసల్ఫైట్‌గా మారిపోతుంది. ఈ రెండూ నీలిమందును ఏమీ చేయలేవు. వేడి పెరిగినా, క్షారం (అంటే కాస్టిక్) తగ్గినా ఈ చావు వేగం పెరుగుతుంది. 80 డిగ్రీలు అనవసరం. 50 దగ్గర కరిగించి, 30 ప్రాంతానికి చల్లారాక అద్దండి.

ఇక గాలి. ఒక లీటరు గాలిలో ఆక్సిజన్ 0.27 గ్రాములు. అది దాదాపు గ్రామున్నర హైడ్రోస్‌ను మింగుతుంది. అదే, పది లీటర్ల నీళ్లలో మామూలుగా కరిగి ఉండే ఆక్సిజన్ మొత్తం అర గ్రాము హైడ్రోస్‌ను కూడా తినలేదు. కాబట్టి దోషం నీళ్లది కాదు, మీ కర్రది. నురగ లేచిందంటే గాలి దూరినట్టే. అంచు వెంబడి మెల్లగా తిప్పి, మూత వేసి అరగంట వదిలేయండి. గుడ్డను ముందే నీళ్లలో నానబెట్టి, పిండి, అంచు నుంచి జార్చండి. తీసేటప్పుడు తొట్టి పైన ఎత్తి పట్టుకుని కారనివ్వకండి. ద్రావణంలో ఉండగానే పిండి పైకి తీయండి.

పాలలా ఎందుకైంది? హైడ్రోస్ గాలికి చచ్చినా ఆమ్లం పుడుతుంది. 174 గ్రాములు అలా పోతే కనీసం 80 గ్రాముల కాస్టిక్ ఖర్చవుతుంది. మీరు మొత్తం వేసింది 70 గ్రాములు. అదంతా పోతే 32 గ్రాముల కాస్టిక్ కావాలి, తొట్టిలో ఉన్నది 30. క్షారం అయిపోయింది. అప్పుడు కరిగి ఉన్న రంగు తెల్లటి మడ్డిగా విడిపోతుంది. ఆమ్లం ఇంకా పెరిగితే హైడ్రోస్ విరిగి సల్ఫర్ డయాక్సైడ్ వాసనా, సన్నటి గంధకమూ వస్తాయి. ఏదో తేల్చుకోవాలంటే గ్లాసెడు తీసి, చిటికెడు కాస్టిక్ కలిపి గోరువెచ్చగా ఉంచండి. పసుపుగా తేటపడితే అది తెల్లనీలి (మడ్డిగా విడిపోయిన రంగే), తొట్టి బతుకుతుంది. తేటపడకపోతే గంధకం, దాని మీద ఆశ వదులుకోండి.

బ్యూరెట్

హైడ్రోస్ పరీక్షకు ముందు, ఆ డబ్బాలో ఉన్నది హైడ్రోసేనా అని చూడండి. సోడియం మెటాబైసల్ఫైట్ కూడా తెల్లపొడే, ఘాటూ అదే. 200 మిల్లీలీటర్ల నీళ్లు 50 డిగ్రీలకు కాచి, కాస్టిక్ 1 గ్రాము, నీలిమందు చిటికెడు, మీ పొడి 1 గ్రాము వేసి, పలచటి సీసాలో నిండా పోసి మూత బిగించండి. పావుగంటలో పసుపు తిరిగితే హైడ్రోస్. మెటాబైసల్ఫైట్ అయితే గంటలు గడిచినా నీలమే.

బలం తెలియాలంటే అయోడిన్ టైట్రేషన్, అంటే తెలిసిన బలమున్న అయోడిన్ ద్రావణం ఎంత ఖర్చయిందో కొలిచి లెక్కగట్టడం. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ఫినాల్ఫ్తలీన్ అనే సూచిక‌తో తటస్థం చేసిన ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ ద్రావణం) 10, నీళ్లు 50 మిల్లీలీటర్లు తీసుకోండి. పొడి 1 గ్రాము వెంటనే తూచి అందులో వేసి, కరిగాక 20 నిమిషాలు ఆగి, గీత దాకా నింపండి. ఫార్మాల్డిహైడ్ బైసల్ఫైట్‌ను కట్టేస్తుంది, కనుక అది లెక్కలోకి రాదు. 25 మిల్లీలీటర్లు తీసి, కొద్దిగా ఎసిటిక్ ఆమ్లం, స్టార్చ్ కలిపి 0.1 నార్మల్ గాఢత గల అయోడిన్‌తో నీలం వచ్చేదాకా పోయండి. అయోడిన్ మిల్లీలీటరుకు 4.35 మిల్లీగ్రాముల హైడ్రోస్ లెక్క. శుద్ధమైనదైతే 23 మిల్లీలీటర్లు పడుతుంది, 20 పడితే 87 శాతం. ఒక్క మెలిక: థయోసల్ఫేట్‌ను ఫార్మాల్డిహైడ్ కట్టలేదు. అందుకే పాత సరుకు ఉన్నదానికంటే కాస్త మెరుగ్గా కనబడుతుంది. ఫార్మలిన్ పొగ పీల్చకూడదు, హుడ్ (పొగలు లాగేసే గూడు) కిందే చేయండి.

నీలికండె

50 డిగ్రీలు, మెల్లగా తిప్పడం, మూత. నాలుగు గంటలైనా పసుపుగానే ఉంది, అంటడమూ తగ్గింది. కానీ పావుగంట ముంచినా రంగు లేతగానే వస్తోంది. పీహెచ్ కాగితం 13 చూపిస్తోంది.

క్షయకరణి

13 ఎక్కువ. కరిగిన నీలి రెండు రూపాల్లో ఉంటుంది. పీహెచ్ 11 దగ్గర ఒక్క విద్యుదావేశమున్న రూపం ఎక్కువ, నూలును గట్టిగా పట్టుకునేది అదే. 12.5 దాటితే రెండు ఆవేశాల రూపం. దానికి నూలు కంటే నీళ్లే ఇష్టం. ఈసారి కాస్టిక్ 15 గ్రాములతో మొదలుపెట్టి, గంటకోసారి పీహెచ్ చూస్తూ 11 కింద పడకుండా కొంచెం కొంచెం చేర్చండి.

ఎక్కువసేపు నానబెట్టినా లాభం లేదు. హైడ్రోస్ మిగులుంటే ముందు పట్టిన నీలిని కూడా మళ్లీ కరిగించి లాక్కుంటుంది. ఒకటి రెండు నిమిషాలు ముంచి, పది నిమిషాలు గాలికి ఆరేసి, అలా ఐదారు మునకలు వేయండి. గుడ్డ పచ్చపసుపుగా బయటికొచ్చి, చూస్తుండగానే నీలం తిరగాలి. నీలంగానే బయటికొస్తే క్షయకరణం చాలలేదని అర్థం. కరగని రేణువులు పైపైన అతుక్కుంటాయి, మొదట మీ వేలికి అంటింది అవే.

గంధకపుపొడి

డబ్బా గురించి ఎవరూ చెప్పలేదు. పొడిని నీళ్లలోకి చల్లాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు. తడి చెంచా పెట్టినా లోపల వేడి పుట్టి, సల్ఫర్ డయాక్సైడ్ వదులుతూ రాజుకోగలదు. రవాణా నిబంధనల్లో ఇది యూఎన్ 1384, దానంతట అదే వేడెక్కే పదార్థాల తరగతి. రాజుకుంటే గుడ్డ కప్పి ఆర్పలేరు. గాలి లేకపోయినా వేడికి విరుగుతూనే ఉంటుంది. చెంబెడు నీళ్లు చల్లితే ఇంకా రెచ్చిపోతుంది. పోస్తే ముంచెత్తేలా, దూరం నుంచి పోయాలి. కొలిచి మిగిలింది డబ్బాలో తిరిగి వేయకండి. ఆస్తమా ఉన్నవాళ్లు ఆ వాసనకు దూరంగా ఉండాలి.

వాడేసిన తొట్టిని అలాగే కాలువలో పోస్తే నీళ్లలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది. ఇప్పుడు గిలక్కొట్టండి, మీ కర్రకు పని ఇక్కడే. పూర్తిగా నీలమై మడ్డి దిగాక పై తేటను తటస్థం చేసి పారబోయండి. అడుగున దిగిన నీలిమందు మళ్లీ పనికొస్తుంది.