ఈఎల్84 ప్లేటు ఎర్రబడుతోంది, ఏ కంపెనీ వాల్వులు కొనాలి?

ప్రశ్న (నల్గొండ)
అన్నా, తాత వాడిన వాల్వు (గాజు ట్యూబుల) ఆంప్లిఫైయర్ మా ఇంట్లో ఉంది, రెండు ఈఎల్84లు (స్పీకర్‌ను నడిపే వాల్వులు), ఒక ఈసీసీ83 (వాటికి ముందు సౌండు పెంచే చిన్న వాల్వు). పదేళ్లు అటక మీదే ఉన్నదాన్ని పోయిన నెల దించి పెడితే పాడింది, నాయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ పావుగంటకే ఒక ఈఎల్84 లోపలి ప్లేటు ఎర్రగా కాలుతోంది, పాట గరగరమంటోంది. కొత్తవి కొందామంటే ఒకరు పాత బెల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) వాల్వులే వెతుక్కోమంటారు, ఇంకొకరు జేజే కంపెనీవి అంటారు. పైగా షాపాయన ఈసీసీ83 బదులు ఈసీసీ81 పెట్టుకో, పిన్నులు ఒకటే అన్నాడు. నిజమేనా?

జవాబు (మహబూబ్‌నగర్)
తమ్మీ, ఇప్పుడే ఏదీ కొనకు. అలా ఎర్రబడ్డాక నడిపితే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ (వాల్వులకూ స్పీకర్‌కూ మధ్య ఉండేది) కాలిపోవచ్చు, అది మళ్లీ చుట్టించాలంటే పెద్ద పని. రెండు ఈఎల్84లనూ అటుదిటు మార్చి, ఎర్రబడటం మొదలయ్యే దాకా చూసి వెంటనే ఆపు. ఎరుపు వాల్వుతో పాటే పోతే వాల్వు పోయినట్టు, అదే సాకెట్లో ఉంటే మాత్రం చాలావరకు ఈసీసీ83 నుంచి దాని గ్రిడ్‌కు (వాల్వులోకి పాట సిగ్నల్ వెళ్లే పిన్) వచ్చే కండెన్సర్ లీకవుతున్నట్టు. ఆ వాల్వు తీసి సాకెట్ 2వ పిన్ (అదే గ్రిడ్) దగ్గర మీటర్ పెట్టు, సున్నా రావాలి. జాగ్రత్త, లోపల 300 వోల్టుల దాకా ఉంటుంది, స్విచ్ ఆపినా ఫిల్టర్ కండెన్సర్లలో కరెంటు నిలిచే ఉంటుంది, ఒక చెయ్యి జేబులో పెట్టుకునే పని చెయ్.

జవాబు (మిర్యాలగూడ)
ఈసీసీ81 వద్దు. పిన్నులు కలుస్తాయి గానీ ఈసీసీ83 గెయిన్ (సిగ్నల్‌ను పెంచే శక్తి) 100, దానిది 60, తీసుకునే కరెంటు కూడా వేరు. బెంగళూరు బెల్ వాల్వులు నాకూ ఇష్టమే, కానీ వాల్వు టెస్టర్ మీద చూపించకుండా అమ్మితే తీసుకోకు, నేనలా కొన్న జతలో ఒకటి నీరసంగా వచ్చింది. నేనైతే స్లొవేకియా జేజే వాళ్ల మ్యాచ్డ్ జత (సమానంగా కరెంటు లాగేవి ఏరి కలిపినవి) తీసుకుంటా, రెండూ సమానంగా కరెంటు లాగకపోతే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ ఒకవైపు మాగ్నెట్ అయి బేస్ తగ్గిపోతుంది. ఇంకోటి, పాత సెట్టు మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్‌లో 220 వోల్టుల ట్యాపింగ్ (లైన్ కలిపే వైరు) మీద ఉందేమో చూడు, మన లైన్ 240 దాటినప్పుడు 6.3 వోల్టుల ఫిలమెంట్‌కు ఎక్కువ పోతుంది.

ప్రశ్న అడిగినతను
మార్చి చూశా అన్నా, ఎరుపు అదే సాకెట్లో ఉంది. వాల్వు తీసినా 2వ పిన్ మీద 9 వోల్టులు చూపిస్తోంది. రేపు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పోయి 630 వోల్టుల కండెన్సర్లు తెస్తా. ఒకటి చాలా?

జవాబు (మహబూబ్‌నగర్)
రెండు వైపులా మార్చు, రెండోది కూడా అదే వయసుది కదా. మార్చాక 2వ పిన్ మళ్లీ చూసి, అప్పుడు కొత్త జత ఆర్డర్ పెట్టు.