ఖాతా ఒకటే, ప్లగిన్ ఒకటే: క్యూజీఐఎస్ ఒక కంప్యూటర్‌లో పనిచేసి పక్కదానిలో ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా కళాశాల భూగోళశాస్త్ర విభాగపు ల్యాబ్‌లో 24 కంప్యూటర్లు ఉన్నాయి, వాటి బాధ్యత నాది. విద్యార్థులు ఎక్కడ కూర్చున్నా తమ ఖాతాతోనే లాగిన్ అవుతారు, వారి ఫైళ్లుండే హోమ్ డైరెక్టరీ సర్వర్ నుంచి ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే పద్ధతి) ద్వారా వస్తుంది. సగం కంప్యూటర్లలో ఉబుంటు ఆపరేటింగ్ సిస్టమ్ 22.04, ఈ వేసవిలో కొత్తగా ఎక్కించిన సగంలో 24.04 ఉన్నాయి. క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌కు అదనంగా చేర్చుకునే, ఉపగ్రహ చిత్రాల వర్గీకరణకు వాడే సెమీ ఆటోమేటిక్ క్లాసిఫికేషన్ ప్లగిన్ 8వ వెర్షన్‌ను ఎవరికి వారే డౌన్‌లోడ్ చేసుకుంటున్నారు. మొన్న ప్రాక్టికల్ పరీక్ష రోజున ఒక అమ్మాయికి కొత్త కంప్యూటర్ వచ్చింది. ముందురోజు పాతదానిలో చక్కగా నడిచిన ప్లగిన్ ఆ రోజు తెరుచుకోలేదు. పైథాన్ మాడ్యూల్ కనబడలేదన్న సందేశం ఒక్కటే వచ్చింది. పాపం, అరగంట అలాగే పోయింది. పైథాన్ లైబ్రరీలు వేసే పిప్‌తో మాడ్యూల్ వేయబోతే, ఈ పైథాన్‌ను ఆపరేటింగ్ సిస్టమే నిర్వహిస్తోందంటూ నిరాకరించింది. ప్లగిన్ ఫోల్డర్‌ను ఈటీసీ కింద ఉన్న స్కెల్ ఫోల్డర్‌లో పెట్టినా ఫలితం కనబడలేదు. అందరికీ ఒకేచోట ప్లగిన్ పెట్టే మార్గం ఉంటే దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:

స్కెల్‌లో ఉన్నవి కొత్త ఖాతా తెరిచేటప్పుడు మాత్రమే హోమ్‌లోకి కాపీ అవుతాయండి. ఇప్పటికే ఉన్న ఖాతాలను అది ముట్టుకోదు.

ఇక అసలు విషయానికి వస్తే, క్యూజీఐఎస్ 3లో ప్లగిన్లు ప్రతి వినియోగదారు హోమ్‌లో, డాట్ లోకల్ కింద ఉండే ప్రొఫైల్‌లోకి (వారి సెట్టింగ్స్, ప్లగిన్లు ఉండే ఫోల్డర్) చేరతాయి కాబట్టి ఆ అమ్మాయి ప్లగిన్ రెండు కంప్యూటర్లలోనూ కనబడింది. అయితే 8వ వెర్షన్ నుంచి ఈ ప్లగిన్‌కు రెమోటియర్ సెన్సస్ అనే పైథాన్ లైబ్రరీ కావాలి, ఆ లైబ్రరీని వినియోగదారు సొంతంగా వేసుకుంటే అది పైథాన్ వెర్షన్ సంఖ్యతో ఉన్న ఫోల్డర్‌లో కూర్చుంటుంది. ఉబుంటు 22.04లోని పైథాన్ 3.10, 24.04లోనిది 3.12. ప్లగిన్ ఫోల్డర్ రెండు కంప్యూటర్లకూ ఉమ్మడిదే, లైబ్రరీ ఫోల్డర్ మాత్రం వేరు. కొత్త కంప్యూటర్ 3.12 ఫోల్డర్‌లో వెతికితే అక్కడ ఏమీ లేదు. తప్పు విద్యార్థినిది కానే కాదు, దయచేసి ఈ విషయం పరీక్షకులకు కూడా చెప్పండి.

రెండవ సమాధానం:

పై వివరణ సరైనదే. నేను పాటించే పద్ధతి చెబుతాను. మీరు పరీక్షించిన ఒకే ఒక వెర్షన్‌ను ఆప్ట్ డైరెక్టరీ కింద ఒక ఫోల్డర్‌లో పెట్టి, రూట్ (నిర్వాహక ఖాతా) తప్ప ఎవరూ రాయలేని విధంగా, అందరూ చదవగలిగే విధంగా అనుమతులు ఇవ్వండి. క్యూజీఐఎస్ అండర్‌స్కోర్ ప్లగిన్‌పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఆ చిరునామా ఇస్తే క్యూజీఐఎస్ అక్కడ కూడా ప్లగిన్లను వెతుకుతుంది.

లైబ్రరీల విషయంలోనే జాగ్రత్త అవసరం. నంపై, సైపై లాంటి లెక్కల లైబ్రరీలను తప్పనిసరిగా ఉబుంటు సొంత ఏపీటీ ప్యాకేజీలుగానే వేయండి. రెమోటియర్ సెన్సస్ ఒక్కదాన్ని పిప్ టార్గెట్ ఆప్షన్‌తో, దాని వెంట వచ్చే ఇతర లైబ్రరీలు రాకుండా నో డెప్స్ కూడా చేర్చి, 3.10కి ఒకటి, 3.12కి ఒకటి చొప్పున వేర్వేరు ఫోల్డర్లలో ఉంచండి. నో డెప్స్ మరిచిపోతే మరో నంపై వచ్చి చేరి, సిస్టమ్‌లోని జీడాల్‌తో (భౌగోళిక ఫైళ్లను చదివే లైబ్రరీ) పొసగక పనిచేస్తున్నవి కూడా ఆగిపోవచ్చు. ఆ కంప్యూటర్ పైథాన్‌కు తగిన ఫోల్డర్ చిరునామాను, లైబ్రరీలను ఎక్కడ వెతకాలో చెప్పే పైథాన్‌పాత్ వేరియబుల్‌కు ఇవ్వాలి, కానీ దాన్ని కంప్యూటర్ మొత్తానికి వర్తించేలా పెట్టవద్దు, ఇతర పైథాన్ ప్రోగ్రాములన్నీ దాని ప్రభావంలో పడతాయి. ఈ రెండు వేరియబుళ్లనూ పెట్టి క్యూజీఐఎస్‌ను తెరిచే చిన్న షెల్ స్క్రిప్టు రాసి, డెస్క్‌టాప్ ఐకాన్ దానినే పిలిచేలా మార్చితే చాలు.

ప్రశ్న అడిగినవారు:

ఎంతో ధన్యవాదాలు. రెండు కంప్యూటర్లలో, ఒక పాతదానిలో, ఒక కొత్తదానిలో, మీరు చెప్పినట్లే చేశాను. ప్లగిన్ జాబితాలోకి వచ్చింది, కానీ నా పరీక్ష ఖాతాలో దాని పక్కన టిక్ లేదు. టిక్ పెట్టాక రెండుచోట్లా తెరుచుకుంది. ప్రతి విద్యార్థీ టిక్ పెట్టాల్సిందేనా?

రెండవ సమాధానం రాసినవారు:

ఒక్కసారి పెట్టాలి. ఏ ప్లగిన్ నడవాలన్నది ప్రతి ఒక్కరి సొంత సెట్టింగ్స్ ఫైలులో నమోదవుతుంది, ఆ ఫైలు హోమ్‌లో ఉంటుంది కాబట్టి తర్వాత ఏ కంప్యూటర్ అయినా సరిపోతుంది. తరగతిలో అందరి చేతా ఒకేసారి చేయించండి. మరొక మాట: విద్యార్థి అప్‌గ్రేడ్ నొక్కితే కొత్త వెర్షన్ తన ప్రొఫైల్‌లోకే దిగుతుంది, ఉమ్మడి ఫోల్డర్ మారదు. అప్పుడు ఒకే ప్లగిన్‌కు రెండు ప్రతులు ఉండి అయోమయం కలుగుతుంది. కనుక పరీక్షకు ముందురోజు హోమ్‌లలో మిగిలిన పాత ప్రతులను విద్యార్థులకు చెప్పి తీయించండి, లేదా పరీక్షకు మాత్రం ప్రొఫైల్ ఆప్షన్‌తో వేరే ప్రొఫైల్‌లో క్యూజీఐఎస్ తెరిచేలా స్క్రిప్టు మార్చండి. రెండో దారిలో ఎవరి ప్రయోగాలకూ ఆటంకం ఉండదు, నాకు అదే మేలనిపిస్తుంది. ఆ కొత్త ప్రొఫైల్‌లో టిక్ మళ్లీ పెట్టించడం మాత్రం మరవకండి.