మండువా ఇల్లు, పక్కనే మగ్గం శాల: మేస్త్రి గుంట పూడ్చేద్దాం అంటున్నాడు

పడుగుపేక:
నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. తాతగారు కట్టించిన మండువా ఇల్లు, దాని తూర్పు గోడని ఆనుకుని మగ్గం శాల. ఇంట్లో అమ్మానాన్నలు ఉంటారు. శాలలో మా పెదనాన్న ఇప్పటికీ గుంట మగ్గం మీద (నేల మీద కూర్చుని, కాళ్ళు గుంటలో పెట్టి నేసేది) నేస్తున్నారు. రెండూ బాగుచేయిద్దామని మేస్త్రిని పిలిస్తే, ఆయన చెప్పింది విని టెన్షన్ పట్టుకుంది. గుంట పూడ్చేసి టైల్స్ వేద్దాం, శాల కిటికీ నేలకి మరీ దగ్గరగా ఉంది కాబట్టి మూడడుగులు పైకి లేపుదాం, గోడలన్నిటికీ సిమెంటు పూత పెడదాం అంటున్నాడు.

ఇల్లు ఇటుక, గానుగ సున్నంతో కట్టింది. టేకు స్తంభాలు, బంగాళా పెంకులు. నాలుగు వాలుల నీళ్ళూ మండువాలో పడి తూములోంచి పెరట్లోకి పోతాయి. ఇల్లు ఎండాకాలంలో కూడా చల్లగానే ఉంటుంది. శాలకీ ఒకప్పుడు పెంకులే. 1996 నవంబరు తుపానుకి ఎగిరిపోతే సిమెంటు రేకులు వేశారు. అప్పట్నుంచీ వేసవి మధ్యాహ్నాలు శాల వేడెక్కి పోగులు తెగిపోతున్నాయని పెదనాన్న పని ఆపేస్తారు.

ఇంకో సంగతి నాకు అంతుపట్టట్లేదు. శాల అరుగు ఇంటి అరుగు కన్నా జానెడు ఎత్తుంటుంది. ఇంట్లోంచి శాలలోకి ఒక మెట్టు ఎక్కి వెళ్ళాలి. పనిచేసుకునే చోటు ఇంటికన్నా ఎత్తెందుకు?

నాడె:
మాది బండారులంకండీ, నేత కుటుంబం. గుంట పూడ్చనివ్వకండి. మీ ప్రశ్నకి జవాబు ఆ గుంటలోనే ఉంది. కాళ్ళు తొక్కుడు కర్రల మీద ఆడాలంటే రెండున్నర, మూడడుగుల లోతు కావాలి. మన డెల్టాలో వానాకాలం వచ్చిందంటే కొద్దిగా తవ్వితే చాలు ఊట. అరుగు ఎత్తుగా కట్టి, ఆ ఎత్తులోనే గుంట తీస్తే దాని అడుగు వీధి మట్టం దగ్గరే ఆగిపోతుంది. మా శాల నేలమట్టానికి కట్టారు. గట్టి వాన పడితే గుంటలో నీళ్ళు, మగ్గం బంద్. మీ తాతగారు ఇవన్నీ ఆలోచించే కట్టించారండీ.

కిటికీ కూడా అంతే. నేసేవాడు నేల మీద కూర్చుంటాడు, అచ్చు, పన్నె లాంటి మగ్గం భాగాలు, నేసిన బట్ట అన్నీ ఒడి ఎత్తులో ఉంటాయి. కిటికీ కిందుంటేనే వెలుతురు పక్కనుంచి పోగుల మీద పడి, తెగిన పోగు కంటికి ఆనుతుంది. పైకి లేపితే ఆ వెలుతురు తల మీదుగా అవతలి గోడకి పోతుంది. టైల్స్ కూడా వద్దు. మట్టి నేల మీద నీళ్ళు చల్లుకుంటే ఆ చెమ్మకి నూలు మెత్తగా ఉండి తెగదు.

గానుగసున్నం:
పాత ఇళ్ళ మరమ్మతులే నా పని. సున్నం గోడ నేలలోంచి లాగిన చెమ్మని బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే ఆ చెమ్మ లోపలే ఉండిపోయి, ఉప్పు తేలి, ఇటుక పొడి రాలుతుంది. తట్టి చూడండి, డొల్లగా మోగిన చోట మాత్రమే కొట్టేసి మళ్ళీ సున్నపు పూతే పెట్టించండి. పాతవాళ్ళు కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపేవారు. పూత గబగబా ఆరకూడదు, తడి గోనెలు కప్పి ఉంచాలి.

శాలకి మళ్ళీ పెంకులే మంచివి. కానీ పెంకులు రేకుల కన్నా బాగా బరువు. రేకుల కోసం వాసాలు దూరందూరంగా వేసి ఉంటారు, ముందు వాటిని చూపించండి. చూరు వరసలకి పెంకు వెనకున్న బెజ్జంలోంచి తీగ కట్టిస్తే తుపాను గాలికి లేవవు. పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం. పగలగొట్టకుండా తడిపి, నిండు రేకులుగా దింపించండి.

లంకగట్టు:
నాది కాస్త వేరే అభిప్రాయం. మాది లంక ఊరు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఎత్తరుగులు కూడా మునిగాయి. పైగా మీ పెదనాన్నగారి వయసులో గుంటలోకి దిగి ఎక్కడం మోకాళ్ళకి ఎంత కష్టం! గుంటని పూడ్చకండి, చెక్కలతో మూసి పైన ఫ్రేమ్ మగ్గం పెట్టించండి. బల్ల మీద కూర్చుని నేసుకుంటారు.

పడుగుపేక:
అందరికీ చాలా థాంక్సండీ. ఫ్రేమ్ మగ్గం మాట పెదనాన్న దగ్గర ఎత్తితే, "నేను నేసినన్నాళ్ళూ గుంటే. తరవాత మీ ఇష్టం" అన్నారు. దిగడానికి మాత్రం పక్కన ఒక ఇటుక మెట్టు, పట్టుకోవడానికి ఒక కర్ర అడిగారు. అవి ఈ వారమే పెట్టిస్తున్నాం. కిటికీ, మట్టి నేల కదపం. సంక్రాంతి దాటాక రేకులు దింపుతాం, వాసాలు చూడ్డానికి వడ్రంగిని పిలిచాను. సిమెంటు పూత వద్దంటే మా మేస్త్రి సున్నం పని తనకి రాదన్నాడు. కోనసీమలో గానుగ సున్నం పని తెలిసిన మేస్త్రీలు ఏ ఊళ్ళో ఉన్నారో చెప్పండి, నేనే వచ్చి మాట్లాడుకుంటాను.