కాలిఫోర్నియాలో స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి మా ఊరు విడిపోవాలంటే ఎవరి సంతకాలు చెల్లుతాయి?

బే_ఏరియా_పేరెంట్:
నమస్కారం అండీ. మా ఊరు ఒక పెద్ద యూనిఫైడ్ (ప్రైమరీ నుంచి హైస్కూల్ దాకా బడులన్నీ ఒకే బోర్డు కింద ఉండే) డిస్ట్రిక్ట్‌లో ఓ మూలన ఉంది. ఇక్కడి బడులతో వేరే డిస్ట్రిక్ట్ పెట్టుకుందామని ఇరుగుపొరుగువాళ్ళు సంతకాలు మొదలుపెడుతున్నారు. మా వీధుల్లో తెలుగువాళ్ళు ఎక్కువ. చాలామంది హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్నారు, సొంత ఇళ్ళున్నాయి, ప్రాపర్టీ ట్యాక్స్ కడుతున్నారు. వాళ్ళ సంతకాలు లెక్కకొస్తాయా? తర్వాత ఏం జరుగుతుంది? భవనాలు, పాత బాండ్ల అప్పు ఎవరికి పోతాయి?

కౌంటీ_ఫైళ్ళు:
వాళ్ళ సంతకాలు లెక్కకు రావండీ. కాలిఫోర్నియా విద్యా చట్టం, అంటే ఎడ్యుకేషన్ కోడ్, 35700 ప్రకారం, విడిపోదలచిన ప్రాంతంలోని రిజిస్టర్డ్ ఓటర్లలో కనీసం 25 శాతం మంది సంతకం పెట్టాలి. ఓటరుగా నమోదు కావాలంటే పౌరసత్వం తప్పనిసరి. ఇల్లున్నా, పన్ను కట్టినా ఆ లోటు తీరదు. సరిగ్గా 25 దగ్గర ఆపితే తనిఖీలో కొన్ని కొట్టేసి పిటిషన్ వెనక్కి వస్తుంది, అందుకని బాగా ఎక్కువే సేకరించండి. నోటీసులు అందుకోవడానికి ముగ్గురికి మించకుండా ముఖ్య పిటిషనర్ల పేర్లు అందులోనే రాయాలి.

కౌంటీ సూపరింటెండెంట్ 30 రోజుల్లో సంతకాలు సరిచూస్తారు. పిటిషన్ అందిన 60 రోజుల్లో కౌంటీ కమిటీ (స్కూల్ డిస్ట్రిక్ట్ల హద్దుల మార్పులు చూసే కౌంటీ స్థాయి కమిటీ) పబ్లిక్ హియరింగ్‌లు పెడుతుంది, మొదటి హియరింగ్ నుంచి 120 రోజుల్లో సిఫారసు పంపుతుంది. హియరింగ్‌లో మాట్లాడటానికి ఓటు హక్కు అక్కర్లేదు, అక్కడ మీవాళ్ళు తప్పకుండా నోరు విప్పాలి. తర్వాత ఫైలు స్టేట్ బోర్డ్ ఆఫ్ ఎడ్యుకేషన్‌కు వెళ్తుంది. ఆలస్యం ఎక్కువగా జరిగేది అక్కడే. బోర్డు ఒప్పుకుంటే ఎన్నిక ఉంటుంది. మీ ప్రాంతం వాళ్ళే ఓటెయ్యాలా, పాత డిస్ట్రిక్ట్ మొత్తమా అన్నది కూడా బోర్డే తేలుస్తుంది. మొత్తం డిస్ట్రిక్ట్ అన్నారంటే మీ లెక్కలన్నీ మారిపోతాయి.

సంతకాలు కాకుండా ఇంకో దారీ ఉంది: సిటీ కౌన్సిలే తీర్మానం చేసి కౌంటీ కమిటీని అడగవచ్చు. సాంటా మోనికా–మాలిబు డిస్ట్రిక్ట్ నుంచి విడిపోవాలని 2017లో పిటిషన్ వేసింది మాలిబు నగరమే.

లెక్కల_మాస్టారు:
సంతకాల దగ్గర ఆగిపోయేవాటికంటే అదే కోడ్‌లోని సెక్షన్ 35753 షరతుల దగ్గర పడిపోయేవే నన్ను ఎక్కువ కలవరపెడతాయి. యూనిఫైడ్ డిస్ట్రిక్ట్‌కి కనీసం 1,501 మంది విద్యార్థులుండాలి. కొత్తదానికే కాదు, మిగిలిన పాతదానికీ అంతే.

అసలు చిక్కు డబ్బు. మీ ఊళ్ళో ఇళ్ళ ధరలు ఎక్కువైతే, ప్రాపర్టీ ట్యాక్సే రాష్ట్ర ఫార్ములా ప్రకారం డిస్ట్రిక్ట్‌కి రావాల్సిన మొత్తాన్ని దాటిపోవచ్చు. అలాంటిదాన్ని బేసిక్ ఎయిడ్ డిస్ట్రిక్ట్ అంటారు. ఆ మిగులు మీ దగ్గరే ఉంటుంది. వెనక మిగిలినవాళ్ళకు తగ్గిన పన్ను మేరకు రాష్ట్రం పూడ్చాల్సి వస్తుంది. "రాష్ట్రానికి ఖర్చు గణనీయంగా పెరగకూడదు" అన్న షరతు అక్కడే దెబ్బతింటుంది. అందుకే పన్ను పంపకంపై పాత డిస్ట్రిక్ట్‌తో ముందే ఒప్పందానికి రావాలి. మాలిబు విషయంలోనూ పెద్ద తగవు దీనిమీదే.

జాతుల వారీ విద్యార్థుల లెక్క కూడా ఇప్పుడే చూసుకోండి. విడిపోవడం వల్ల బడుల్లో జాతుల వారీ వేర్పాటు పెరుగుతుందంటే కమిటీ ఒప్పుకోకూడదు, అది న్యాయమైన షరతే. వర్జీనియాలోని ఎంపోరియా నగరం ఇలాగే విడిపోబోతే 1972లో అమెరికా సుప్రీంకోర్టు అడ్డుకుంది, అక్కడి బడులు అప్పటికే డీసెగ్రిగేషన్ (జాతుల వారీ వేర్పాటును తొలగించే) ఉత్తర్వుల కింద ఉన్నాయి కాబట్టి.

బే_ఏరియా_పేరెంట్:
చాలా థాంక్స్ అండీ. భవనాలు, బాండ్ల సంగతి కూడా చెప్పగలరా?

కౌంటీ_ఫైళ్ళు:
స్థలాలు, భవనాలు ఎవరి హద్దుల్లో ఉంటే వాళ్ళవి. మిగతా ఆస్తులు, అప్పులను అసెస్డ్ వాల్యూ (పన్ను కోసం ఆస్తులకు కట్టిన విలువ), పిల్లల సంఖ్య లాంటివి చూసి పంచుతారు. బాండ్లకు వేరే లెక్క ఉంది. మీ ప్రాంతంలో బడి ఆస్తి ఉంటే, అసెస్డ్ వాల్యూ నిష్పత్తిలో వచ్చే వాటా ఒకటి, అక్కడి బడుల మీద పెట్టిన బాండ్ల బాకీ ఒకటి లెక్క వేస్తారు. రెండిటిలో ఏది పెద్దదైతే అది మీ నెత్తిన పడుతుంది. ఈమధ్యే మీ హైస్కూల్‌ను బాండ్లతో బాగుచేసి ఉంటే రెండోదే పెద్దదవ్వొచ్చు. పర్మనెంట్ టీచర్ల హోదా మాత్రం మారదు.

ఎన్నిక గెలిచినా వెంటనే విడిపోరు. ప్రక్రియ పూర్తయిన మరుసటి ఏడాది జులై 1 నుంచి అమలు. పన్ను హద్దులు మారాలంటే అంతకుముందు డిసెంబర్ 1 లోపు మ్యాపు, హద్దుల వివరణ స్టేట్ బోర్డ్ ఆఫ్ ఈక్వలైజేషన్‌కు చేరాలి. సర్వేయర్ పని ఎన్నికకు ముందే చేయించి పెట్టుకోండి.